పన్నెండుమందినే ఎందుకు, అందులోనూ వారినే ఎందుకు?

ప్రశ్న (బరంపురం సండేస్కూలు ఉపాధ్యాయిని)

పెద్దలందరికీ వందనాలు. మాది గంజాం జిల్లా బరంపురం. ఈ ప్రాంతం 1936 వరకు మద్రాసు రాజధానిలో ఉండేది కాబట్టి ఇక్కడ తెలుగు కుటుంబాలు ఇప్పటికీ చాలా ఉన్నాయి. మా సంఘంలో తెలుగు పిల్లల తరగతికి నేను పాఠం చెబుతాను. యేసు తన మొదటి శిష్యులను పిలిచిన ఘట్టం చెబుతుండగా పదో తరగతి చదివే ఒక అమ్మాయి ఇలా అడిగింది: యెరూషలేములో ధర్మశాస్త్రమంతా కంఠస్థం చేసిన శాస్త్రులు, దేవాలయంలో సేవచేసే యాజకులు అంతమంది ఉండగా, గలిలయ ఒడ్డున వలలు వేసుకునేవారిని పిలవడానికి కారణమేమిటి?

మనం సాధారణంగా చెప్పే జవాబే నేనూ చెప్పాను. వారు బీదవారు, చదువులేనివారు. అటువంటివారి చేత పని చేయిస్తే ఘనత మనుషులకు కాక దేవునికి చెందుతుందని పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయాన్ని ఆధారంగా చూపించాను. ఆ అమ్మాయి వెంటనే బైబిలు తెరిచి, యాకోబు, యోహాను తమ తండ్రి జెబెదయిని కూలివాళ్లతో కూడా దోనెలో విడిచి వెళ్లారని మార్కు సువార్తలో ఉంది కదా, కూలివాళ్లను పెట్టుకున్న ఇంటివారు బీదవారెలా అవుతారని అడిగింది.

ఆలోచిస్తే ఆమె మాటలో న్యాయమున్నట్టు తోస్తున్నది. ఆ మనుషులను ఏర్పరచుకోవడానికి వాక్యంలో చెప్పిన కారణమేమిటో, చరిత్ర చదివినవారు దానిని ఎలా అర్థం చేసుకుంటారో తెలిసినవారు దయచేసి వివరించగలరు. ప్రసంగాలలో వినే ఊహలు కాక, ఆధారమున్న మాటలు కావాలి.

సమాధానం (పర్లాకిమిడి విశ్రాంత ఉపాధ్యాయుడు)

అమ్మా, మీ విద్యార్థిని ప్రశ్నలో రెండు ప్రశ్నలు కలగలిసి ఉన్నాయి. వాటిని విడదీస్తే గాని దారి దొరకదు. సీమోను, అంద్రెయ, యాకోబు, యోహాను అనే నలుగురిని సముద్రతీరంలో పిలవడం ఒక సంఘటన. అప్పటికే వెంట తిరుగుతున్న చాలామంది శిష్యులలోనుండి పన్నెండుమందిని కొండ మీద వేరుచేసి నియమించడం మరొక సంఘటన. మార్కు మొదటిదానిని మొదటి అధ్యాయంలోను, రెండవదానిని మూడవ అధ్యాయంలోను చెప్పాడు. ఆ నియామకానికి ముందు యేసు రాత్రంతా ప్రార్థనలో గడిపాడని, తెల్లవారిన తరువాత శిష్యులను పిలిచి వారిలో పన్నెండుమందిని ఏర్పరచి అపొస్తలులని (అంటే పంపబడినవారని) పేరు పెట్టాడని లూకా ఆరవ అధ్యాయంలో ఉంది. కాబట్టి శిష్యుడు కావడం వేరు, పన్నెండుమందిలో ఒకడు కావడం వేరు.

నియామకాన్ని వర్ణించే ఆ మూడవ అధ్యాయాన్ని ఎంత నిదానంగా చదివినా, ఫలానావాడు ధైర్యశాలి అనిగాని, ఫలానావాడు దీనుడు అనిగాని, ఫలానావాడు చదువులేనివాడు అనిగాని ఒక్క మాట కనిపించదు. తనకు ఇష్టమైనవారిని పిలిచాడు, వారు ఆయన దగ్గరకు వచ్చారు, అంతవరకే. కారణం వస్తుందని మనం ఎదురుచూసే చోట మార్కు ప్రయోజనాన్ని చెప్పాడు: వారు తనతో ఉండాలి, ప్రకటించడానికి పంపబడాలి, దయ్యాలను వెళ్లగొట్టే అధికారం కలిగి ఉండాలి. ఈ మౌనం హెబ్రీ లేఖనాలు ఎరిగినవారికి కొత్త కాదు. ద్వితీయోపదేశకాండము ఏడవ అధ్యాయంలో మోషే ఇశ్రాయేలీయులతో, మీరు ఇతర జనాలకంటె ఎక్కువమంది అయినందుచేత దేవుడు మిమ్మల్ని ఏర్పరచుకోలేదని, ప్రేమించినందుచేతనే ఏర్పరచుకున్నాడని చెబుతాడు. ఏర్పాటుకు కారణాన్ని ఏర్పరచబడినవారిలో వెతకవద్దని ఆ మాటల భావం. ఆ సంప్రదాయంలోనే పెరిగిన సువార్తికుడు శిష్యుల గుణగణాల పట్టిక రాయకపోవడంలో ఆశ్చర్యమేముంది?

ఇక సంఖ్య విషయానికి వస్తే కారణం స్పష్టంగానే ఉంది. మత్తయి పందొమ్మిదవ అధ్యాయంలో యేసు తన శిష్యులతో, మీరు పన్నెండు సింహాసనాల మీద కూర్చుండి ఇశ్రాయేలు పన్నెండు గోత్రాలవారికి తీర్పు తీరుస్తారని అంటాడు. క్రీ.పూ. 722 ప్రాంతంలో అష్షూరు సైన్యం ఉత్తర రాజ్యాన్ని నాశనం చేసి ప్రజలను చెరపట్టుకుపోయింది. యేసు కాలానికి పన్నెండు గోత్రాలు పూర్తిగా ఒకచోట ఉన్న జనం లేనే లేదు. అయినా దేవుడు చెదిరిపోయిన గోత్రాలను మళ్లీ సమకూరుస్తాడన్న నిరీక్షణ యూదులలో బలంగా ఉండేది. మృతసముద్రం ఒడ్డున కుమ్రానులో 1947 నుండి దొరికిన చుట్టలలో ఒకటి అక్కడి సమాజపు నియమావళి. అందులోనూ సభలో పన్నెండుమంది మనుషులు, ముగ్గురు యాజకులు ఉండాలని రాసి ఉంది. కాబట్టి ఒక బోధకుడు గలిలయ గ్రామాలలో పన్నెండుమందిని వెంటపెట్టుకుని నడుస్తున్నాడంటే, చూసినవారికి అతడు ఇశ్రాయేలును తిరిగి నిలబెట్టబోతున్నాడనే అర్థమై ఉంటుంది. అంతమంది కావలసి వచ్చింది పనిభారం వల్ల కాదు.

పన్నెండుమందిలో ఉండి యేసును శత్రువులకు అప్పగించిన ఇస్కరియోతు యూదా పోయిన తరువాత జరిగినది చూడండి. నూట ఇరవైమంది కూడిన సభలో పేతురు లేచి, ఆ స్థానానికి ఉండవలసిన అర్హత చెబుతాడు: బాప్తిస్మమిచ్చే యోహాను ఇచ్చిన బాప్తిస్మము మొదలుకొని యేసు ఆరోహణం వరకు తమతో కలిసి తిరిగినవాడై, పునరుత్థానానికి సాక్షి కాగలిగినవాడై ఉండాలి. యోసేపు అనే బర్సబ్బాను, మత్తీయను నిలబెట్టి చీట్లు వేశారు. చీటి మత్తీయ పేరున వచ్చింది. ఈ అర్హతలో పేదరికం లేదు, విద్య లేదు, వృత్తి లేదు. పదేళ్లకు పైగా గడిచాక రాజైన హేరోదు అగ్రిప్ప యోహాను సహోదరుడైన యాకోబును కత్తితో చంపించినప్పుడు మాత్రం, ఆ ఖాళీని ఎవరితోనైనా నింపినట్టు అపొస్తలుల కార్యములలో లేదు. అతడు మరణించినా తన స్థానంలోనే ఉన్నాడు. యూదా ఒక్కడే తన స్థానాన్ని విడిచిపెట్టాడు.

సమాధానం (గోపాల్‌పూర్ తీరవాసి)

టీచరమ్మ గారికి నమస్కారం. మాది గోపాల్‌పూర్ తీరంలో తరతరాలుగా తెలుగు మాట్లాడే జాలరి కుటుంబం. నేను చదువుకుని వేరే ఉద్యోగంలో ఉన్నాను గాని, ఇంట్లో వలలు ఇంకా ఉన్నాయి. “బీద జాలరులు” అన్న మాట ప్రసంగంలో వినబడినప్పుడల్లా మా నాన్నగారు అడిగేది ఒకటే: పడవ ఎవరిది? పడవ, వల సొంతంగా ఉన్నవాడి పరిస్థితి, వాటాకో కూలికో పడవ ఎక్కేవాడి పరిస్థితి ఒకటి కాదని తీరంలో పుట్టిన పిల్లవాడికి కూడా తెలుసు. మీ విద్యార్థిని సరిగ్గా ఆ చోటే వేలు పెట్టింది.

సువార్తలలో దీనికి ఆధారాలు ఇంకా ఉన్నాయి. లూకా ఐదవ అధ్యాయంలో రెండు దోనెలు ఉన్నాయి, ఒక దోనె సీమోనుది, జెబెదయి కుమారులు అతనికి పాలివారు, అంటే పనిలో భాగస్వాములు. సీమోను, అంద్రెయలకు కపెర్నహూములో ఇల్లు ఉంది. సీమోను అత్త జ్వరంతో పడుకుని ఉన్నది ఆ ఇంట్లోనే. 1986లో కరువు వచ్చి గలిలయ సరస్సు నీరు బాగా తగ్గినప్పుడు గిన్నోసార్ దగ్గర బురదలో ఒక పాత పడవ బయటపడింది. అది యేసు కాలానికి అటూ ఇటూ వాడిన పడవేనని పరిశోధకులు తేల్చారు. పొడవు 8 మీటర్లకు పైగా, వెడల్పు 2 మీటర్లకు పైగా ఉన్న ఆ పడవకు రకరకాల కలప ముక్కలతో మరమ్మతులు చేసిన గుర్తులు ఉన్నాయి. అంత పడవను ఒక్కడు నడపలేడు, అలాగని అన్ని అతుకులతో దానిని వాడుకున్నవారు ధనవంతులూ కారు. ఆ సరస్సు చేపలు ఉప్పులో ఊరవేయడానికి బాగుంటాయని గ్రీకు భూగోళకారుడు స్ట్రాబో రాశాడు. అంటే పట్టిన చేప ఇంటి కూరకే కాక వ్యాపారానికీ వెళ్లేది. ఈ నలుగురూ అడుక్కునే స్థితిలో ఉన్నవారు కారు, పెద్ద ఆస్తిపరులూ కారు. పెట్టుబడి, అప్పు, సుంకం, కూలి లెక్కలు తెలిసిన చిన్న వృత్తిదారులు. “మేము సమస్తమును విడిచిపెట్టాము” అని పేతురు తరువాత అన్నప్పుడు, ఆ మాటకు బరువు ఉండడానికి కారణం విడిచిపెట్టడానికి ఏదో ఒకటి ఉండడమే కదా.

ఇంకొక మాట కూడా చెప్పాలి. జాలరులకు ఓర్పు ఉంటుంది, తుఫానుకు బెదరరు, అందుకే ప్రభువు వారిని ఎన్నుకున్నాడని మా ప్రాంతంలో తరచుగా చెబుతారు. మా వృత్తిని పొగిడే మాట కాబట్టి నాకూ వినాలనే ఉంటుంది, కాని ఆ పుస్తకంలోని జాలరులు అలా లేరు. సరస్సు మీద గాలి లేచినప్పుడు వారు కంగారుపడి, నిద్రపోతున్న ఆయనను లేపారు. సమరయ గ్రామంవారు చోటివ్వలేదని, ఆకాశంనుండి అగ్ని దించమంటావా అని అడిగినవారు జెబెదయి కుమారులే. పైగా పన్నెండుమందిలో జాలరులని స్పష్టంగా తెలిసినవారు ఆ నలుగురే. మత్తయి సుంకం వసూలు చేసేవాడు. తక్కినవారి వృత్తులు ఏమిటో నాలుగు సువార్తలూ చెప్పలేదు. యోహాను ఇరవై ఒకటవ అధ్యాయంలో తోమా, నతనయేలు కూడా చేపలు పట్టడానికి వెళ్లారు గాని, అదే వారి జీవనాధారమని అక్కడ లేదు.

సమాధానం (రాయగడ పాఠకుడు)

నేను క్రైస్తవుణ్ణి కాను. ప్రాచీన చరిత్ర మీద ఆసక్తితో ఈ చర్చ చదువుతున్నాను. పర్లాకిమిడి మాస్టారు చెప్పినట్టు గ్రంథంలో కారణం చెప్పకపోయినా, చరిత్రను చదివేవాడు “వీరికి ఆయన ముందే ఎలా తెలుసు” అని అడగవచ్చు. దానికి యోహాను సువార్త మొదటి అధ్యాయంలో మంచి ఆధారముంది. అంద్రెయ అంతకు ముందే బాప్తిస్మమిచ్చే యోహానుకు శిష్యుడు. ఆయన యేసును చూపిస్తే వెంట వెళ్లి, తరువాత తన సహోదరుడు సీమోనును తీసుకొచ్చాడు. ఫిలిప్పుది కూడా వారి ఊరైన బేత్సయిదాయే. ఫిలిప్పు వెళ్లి నతనయేలును పిలిచాడు. అన్నదమ్ములు, ఒకే ఊరివారు, పాలివారు, ఒకే గురువు దగ్గర కూడినవారు: కొత్త ఉద్యమాలు మొదట ఇటువంటి బంధాల వెంటే పాకుతాయి. మార్కు చెప్పినట్టు ఒక్క మాటకే వలలు వదిలి వెళ్లారన్నది విడిగా చదివితే వింతగా ఉంటుంది. ఈ ముందు పరిచయంతో కలిపి చూస్తే ఆ తెగింపు అర్థమవుతుంది.

రెండవ విషయం. ఆ కాలపు యూదు బోధకుల సంప్రదాయంలో గురువును వెతుక్కునేది శిష్యుడే. నీకొక గురువును ఏర్పరచుకో అన్న హితవు వారి పెద్దల సూక్తులలో ఉంది. మన దేశంలోనూ సమిధలు పట్టుకుని గురువు గుమ్మానికి వెళ్లేది శిష్యుడే. సువార్తలలో ఇది తలకిందులైంది. దీనికి దగ్గరగా ఉన్న పాత దృష్టాంతం ఏలీయా కథ: పొలం దున్నుకుంటున్న ఎలీషా మీద ఏలీయా తన దుప్పటి వేయగానే అతడు ఎడ్లను విడిచి వెంటబడ్డాడు. అంటే ఇక్కడ కనిపించేది పాఠశాల గురువు పద్ధతి కాదు, ప్రవక్త పద్ధతి. ప్రవక్త పిలిచేటప్పుడు పనిలో ఉన్నవాడినే పిలుస్తాడు, ముందు పరీక్ష పెట్టడు.

మూడవది సరిహద్దున బతికేవాడిగా నాకు తట్టిన సంగతి. కపెర్నహూము హేరోదు అంతిప పాలనలో ఉండేది. యొర్దాను దాటితే అతని సహోదరుడు ఫిలిప్పు రాజ్యం, బేత్సయిదా ఆ వైపున ఉండేది. మత్తయి సుంకపు మెట్టు కపెర్నహూములో ఉండడానికి ఈ సరిహద్దే కారణమై ఉండవచ్చు. శిష్యులైన అంద్రెయ, ఫిలిప్పులవి గ్రీకు పేర్లు. పండుగకు వచ్చిన గ్రీసుదేశస్థులు యేసును చూడాలనుకున్నప్పుడు వారు సరాసరి బేత్సయిదావాడైన ఫిలిప్పు దగ్గరకు వెళ్లారని, అతడు అంద్రెయను వెంటబెట్టుకు వెళ్లాడని యోహాను పన్నెండవ అధ్యాయంలో ఉంది. మన రాయగడ సంతలో తెలుగు, ఒడియా, కువి మూడూ వచ్చినవాడి దగ్గరకే కొత్తవారు వెళ్లినట్టు అన్నమాట. ఇందుకోసమే వారిని ఎన్నుకున్నాడని నేను అనను. ఎన్నుకున్నవారికి ఈ సౌలభ్యం ఉండడం మాత్రం తరువాతి వ్యాప్తికి ఉపయోగపడింది.

చివరగా, “చదువులేని బీదవారు” అన్న జవాబు ఎక్కడనుండి బలపడిందో కూడా చూడాలి. రెండవ శతాబ్దంలో సెల్సస్ అనే గ్రీకు పండితుడు, యేసు తన చుట్టూ పదిమందో పదకొండుమందో నీచులైన సుంకరులను, పడవవాళ్లను చేర్చుకున్నాడని ఎగతాళి చేశాడు. క్రీ.శ. 248 ప్రాంతంలో ఒరిగెన్ దానికి జవాబు రాస్తూ, వారు వాదనలో ఆరితేరిన పండితులై ఉంటే జనం వారి మాటకారితనం వల్లనే నమ్మారని అనుమానించేవారని, విద్యలేనివారు కావడమే వారి వెనుక ఉన్న శక్తికి రుజువు అని వాదించాడు. తెలివైన వాదమే. కాని అది ఎగతాళికి ఇచ్చిన ఎదురుజవాబు. ఎదురుజవాబులో పుట్టిన కారణాన్ని మొదటినుండి ఉన్న కారణమని చెప్పడం చరిత్ర అనిపించుకోదు.

సమాధానం (జయపురం సంఘకాపరి)

రాయగడ సోదరుని చివరి మాటతో కొంత విభేదిస్తాను. ఒరిగెన్‌కు దాదాపు రెండు వందల ఏళ్ల ముందే పౌలు కొరింథీయులకు ఆ మాట రాశాడు. పేతురు, యోహాను విద్యలేని పామరులని యూదుల సభ ఆశ్చర్యపోయిందని అపొస్తలుల కార్యములు నాలుగవ అధ్యాయం చెబుతున్నది. అయితే పౌలు ఆ మాట అన్నది కొరింథు సంఘస్థుల గురించి, పన్నెండుమంది గురించి కాదు. సభవారు ఆశ్చర్యపడ్డది ధర్మశాస్త్ర పాఠశాలలో చదవనివారు అలా మాట్లాడడం చూసి, వారి ఆస్తిపాస్తులు చూసి కాదు. కాబట్టి విద్యలేనివారు అనడానికి ఆధారముంది. బీదవారు గనుకనే ఏర్పరచబడ్డారనడానికి లేదు. ఇంకా చెప్పాలంటే, మార్కు పదవ అధ్యాయంలో గొప్ప ఆస్తిగలవానితోనూ యేసు, వచ్చి నన్ను వెంబడించమనే అన్నాడు. పిలుపు అతనికీ అందింది, అతడే దుఃఖపడుతూ వెళ్లిపోయాడు.

మరొకరి విషయం ఎవరూ ఎత్తలేదు. మార్కు ఐదవ అధ్యాయంలో దయ్యములు వదిలి బాగుపడినవాడు తనను వెంట ఉండనిమ్మని బతిమాలాడు. పన్నెండుమందిని నియమించిన మొదటి ప్రయోజనమే “తనతో ఉండడం” కదా, అడిగింది అదే. యేసు ఒప్పుకోలేదు, ఇంటికి వెళ్లి నీవారికి చెప్పుమని పంపాడు, అతడు దెకపొలి ప్రాంతమంతటా ప్రకటించాడు. పన్నెండుమందిలో లేకపోవడం తక్కువ భక్తికి గుర్తు కాదని చెప్పడానికి ఇంతకంటె మంచి భాగం నాకు తెలియదు.

ప్రశ్న కొనసాగింపు (బరంపురం సండేస్కూలు ఉపాధ్యాయిని)

అందరికీ కృతజ్ఞతలు. ఇంత చెప్పాక ఆ అమ్మాయి తప్పకుండా అడగబోయే ప్రశ్న ఇంకొకటి ఉంది: తెలిసి తెలిసి ఇస్కరియోతు యూదాను ఎందుకు ఏర్పరచుకున్నాడు? అలాగే, గలిలయనుండి వెంట తిరిగిన స్త్రీలలో ఒక్కరైనా పన్నెండుమందిలో ఎందుకు లేరు?

సమాధానం (జయపురం సంఘకాపరి)

యూదా విషయంలో సువార్తలు ఒకే విధంగా మాట్లాడవు. మార్కు పట్టికలో అతడు ఆయనను అప్పగించినవాడని చెప్పి ఊరుకున్నాడు. మిమ్మును పన్నెండుమందిని నేనే ఏర్పరచుకొనలేదా, మీలో ఒకడు సాతానని యోహాను ఆరవ అధ్యాయంలో యేసే అంటాడు; అంటే ఎరిగియే ఏర్పరచుకున్నాడని యోహాను భావం. దీనిమీద సంఘంలో మొదటినుండి రెండు ఆలోచనలు నడిచాయి. లేఖనం నెరవేరడానికే అతడు అక్కడ ఉన్నాడని కొందరు అంటారు. అతనికీ తక్కినవారితో సమానమైన అధికారం, సమానమైన అవకాశం నిజంగానే ఇవ్వబడిందని, పడిపోవడం అతని సొంత నిర్ణయమని మరికొందరు అంటారు. నేను రెండవదాని వైపే మొగ్గుతాను, ఎందుకంటే ఇద్దరిద్దరుగా పంపినప్పుడు దయ్యముల మీద ఇచ్చిన అధికారంలో యూదాను మినహాయించినట్టు ఎక్కడా లేదు. రొట్టె విరిచిన బల్ల దగ్గర కూడా అతడు ఉన్నాడు.

సమాధానం (రాయగడ పాఠకుడు)

చరిత్రకారులకు యూదా మరొక విధంగా ముఖ్యుడు. పన్నెండుమంది అనే బృందాన్ని తరువాతి సంఘమే కల్పించిందని కొందరు పండితులు వాదించారు. దానికి ఎదురుగా తరచుగా చెప్పే మాట ఇది: కల్పించేవారు ఎవరైనా తమ ప్రభువు స్వయంగా ఎన్నుకున్నవారిలోనే ద్రోహిని పెట్టి, పన్నెండు సింహాసనాలని మాటిచ్చినవారిలో అతనినీ లెక్కించి, తమకు తాము చిక్కు తెచ్చుకుంటారా? ఆ ఇబ్బందికరమైన పేరు పట్టికలో నిలిచిపోవడమే ఆ ఎంపిక యేసు జీవితకాలంలో జరిగిందనడానికి బలమైన ఆధారం. నాకు ఈ వాదం నచ్చింది.

సమాధానం (పర్లాకిమిడి విశ్రాంత ఉపాధ్యాయుడు)

స్త్రీల విషయం నేను చెబుతాను. పన్నెండుమంది ఇశ్రాయేలు గోత్రాల మూలపురుషుడైన యాకోబు పన్నెండుగురు కుమారులకు ప్రతిరూపంగా నిలిచినవారు. ఆ ప్రతిరూపం ఆ కాలపువారికి అర్థం కావాలంటే పురుషులే ఉండవలసి వచ్చిందని చాలామంది వ్యాఖ్యాతలు అంటారు. సబబైన మాటే గాని, అంతటితో ప్రశ్న తీరిపోదు. లూకా ఎనిమిదవ అధ్యాయంలో మగ్దలేనే మరియ, హేరోదు గృహనిర్వాహకుడైన కూజా భార్య యోహన్న, సూసన్న అనేవారు పన్నెండుమందితో పాటు తిరుగుతూ తమ సొంత ఆస్తితో సేవచేశారని ఉంది. సిలువ మరణాన్ని నిలబడి చూసినవారిలో గలిలయనుండి వెంట వచ్చిన స్త్రీలు ఉన్నారు, ఖాళీ సమాధిని మొదట చూసినదీ వారిలోనివారే. మత్తీయ ఎంపికలో పేతురు చెప్పిన సాక్షి అర్హతను బట్టి చూస్తే మగ్దలేనే మరియకు లోటు చాలా తక్కువ. అయినా పేతురు పురుషులలోనుండే ఒకరిని ఎన్నుకోవాలని స్పష్టంగా అన్నాడు. దానిని దాచి పాఠం చెప్పడం మంచిది కాదు.

అయితే పన్నెండుమంది అన్న సంఖ్య, అపొస్తలుడు అన్న పిలుపు పూర్తిగా ఒకటి కావు. పౌలు, బర్నబాలను పన్నెండుమందిలో లెక్కించకపోయినా అపొస్తలులనే పిలిచారు. రోమీయులకు రాసిన పత్రిక పదహారవ అధ్యాయంలో పౌలు అంద్రొనీకును, యూనీయను తనకంటె ముందే క్రీస్తులో ఉన్నవారని, అపొస్తలులలో ప్రసిద్ధికెక్కినవారని చెప్పాడు. ఈ యూనీయ స్త్రీయేనని, అపొస్తలుల పేరుకు తగినదని నాలుగవ శతాబ్దపు ప్రసంగీకుడు యోహాను క్రిసొస్తొము ఆమెను మెచ్చుకున్నాడు. తరువాతి కాలంలో కొందరు ఆ పేరును పురుషుని పేరుగా మార్చి చదివారు. ఆ చర్చ పెద్దది. మీరు వేరే ప్రశ్నగా పెడితే నాకు తెలిసినంత రాస్తాను.